నడుం వాలిస్తే పెరిగే నొప్పి!

నడుం నొప్పిగా ఉందనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట- 'కాసేపు నడుం వాల్చరా!' రెండో మాట- 'బరువులెత్తకు.' మూడో మాట- 'ఆ క్రికెట్టు మానెయ్, అదే తగ్గుతుంది.' ప్రేమతో చెప్పే మాటలే. చాలా నొప్పులు కొద్ది వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి సలహా చెప్పినవాళ్లకు మంచిపేరు కూడా వస్తుంది.

కానీ, ఈ మాటలు బొత్తిగా పనికిరాని నొప్పి ఒకటుంది. పడుకుంటే పెరుగుతుంది. లేచి తిరిగితే తగ్గుతుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నిద్రలేపి కూర్చోబెడుతుంది. మంచం దిగేసరికి నడుం కొయ్యబారిపోయి ఉంటుంది. ఓ అరగంటో గంటో ఇంట్లో అటూ ఇటూ తిరిగి, వేణ్నీళ్లతో స్నానం చేశాకగానీ మనిషి మనిషి కాడు.

దాని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. పలకటం కాస్త కష్టమే. మనం 'ఏఎస్' అనుకుందాం. ఈ జబ్బులో వ్యాయామం సరదా కాదు, చికిత్సలో సగం. దాన్ని మొదలుపెట్టటం పెద్ద విషయం కాదు. మానకుండా ఉండటమే అసలు పరీక్ష!

బెంచీ తప్పు కాదు

విజయవాడ అంటే చదువుల ఊరు. గుణదల చుట్టుపక్కల ఏ వీధిలోకి వెళ్లినా పుస్తకాల సంచీ మోసుకుంటూ ఓ కుర్రాడు ఎదురవుతాడు. ఇంటరో, ఇంజినీరింగో. పొద్దస్తమానం బెంచీమీదే. వాడు 'అమ్మా, నడుం నొప్పి' అని ఫోన్ చేస్తే అమ్మ ఏమనుకుంటుంది? 'అంతసేపు కూర్చుంటే రాదా మరి' అనే కదా! ఆటోనగర్‌లో లారీ కింద దూరి పనిచేసే మెకానిక్ తన పనిని తిట్టుకుంటాడు. బట్టల కొట్లో గుమాస్తా పరుపుమీద కూర్చునే ఉద్యోగాన్ని తిట్టుకుంటాడు. కారణం కళ్లెదుటే కనిపిస్తుంటే ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? అందుకే ఈ జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్లకేళ్లు గడిచిపోతుంటాయి. మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా ఇదే తంతు.

ఇంకో తికమక కూడా ఉంది. నలభై, యాభై దాటినవాళ్లకు మెడ నొప్పి వస్తే మనం 'స్పాండిలైటిస్' అనేస్తాం. అది చాలావరకు స్పాండిలోసిస్... అంటే వయసుతోపాటు ఎముకల్లో వచ్చే అరుగుదల. ఏఎస్ అలాంటిది కాదు. అది అరుగుదల కాదు, వాపు. వయసు పైబడ్డాక కాదు, ఎక్కువమందిలో ఇరవైల్లో, ముప్ఫైల్లో మొదలవుతుంది. నలభై అయిదు దాటాక కొత్తగా మొదలవటం అరుదు.

జరిగేది ఏమిటంటే- మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి, స్నాయువులు ఎముకకు అతుక్కునే చోట వాపు పుట్టిస్తుంది. సాధారణంగా నడుం దిగువన, పిరుదుల లోపలుండే సాక్రోఇలియాక్ కీళ్లలో మొదలై పైకి పాకుతుంది. ఆ వాపును మాన్పే ప్రయత్నంలో శరీరం కొత్త ఎముకను పేరుస్తుంది. అలా పేరుకుంటూ పోతే విడివిడిగా కదలాల్సిన వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎక్స్‌రేలో చూస్తే వెన్ను వెదురు గెడలా కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు దాన్ని 'బ్యాంబూ స్పైన్' అంటారు. అందరికీ అంతదాకా రాదు. కానీ ఎవరికి వస్తుందో ముందుగా కచ్చితంగా చెప్పలేరు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతను మనం పిల్లల క్రమశిక్షణకు వాడతాం. ఈ జబ్బులో అది అక్షరాలా నిజం. ఎముక అతుక్కున్న చోట మళ్లీ కదలిక తెచ్చే వ్యాయామమూ లేదు, మందూ లేదు. ఉన్న కదలికను నిలబెట్టుకోవటమే మన చేతిలో ఉంది.

మూడు నెలలకు మించిన నొప్పి, పొద్దుటిపూట అరగంటకు పైగా బిగుసుకుపోవటం, కదిలితే ఉపశమనం, ఓసారి కుడి పిరుదులో ఓసారి ఎడమ పిరుదులో మార్చి మార్చి నొప్పి, మడమ నొప్పి, మధ్యమధ్య కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవటం... వీటిలో రెండు మూడు కలిస్తే రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతాల నిపుణుల్ని కలవాలి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే మాత్రం ఆలస్యం లేకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒకప్పుడు దీన్ని మగవాళ్ల జబ్బనుకునేవారు. ఆడవాళ్లలోనూ బాగానే ఉంటుందని, గుర్తించటంలోనే ఆలస్యమవుతోందని ఇప్పుడు తెలుసు.

మంచం నుంచి నేలమీదికి

ఈ జబ్బు కొత్తది కాదు. 19వ శతాబ్దం చివర్లో రష్యాలో బెక్టెరెవ్, జర్మనీలో స్ట్రుంపెల్, ఫ్రాన్స్‌లో పియర్ మేరీ దీన్ని వివరంగా రాశారు. తర్వాత చాలాకాలం చికిత్స అంటే మంచం మీద కదలకుండా పడుకోబెట్టటం, పట్టీలు బిగించటం. ఆ తర్వాత వెన్నుకు రేడియేషన్ ఇచ్చారు. నొప్పి తగ్గేది. కానీ 1957లో బ్రిటన్‌లో కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ అలా రేడియేషన్ తీసుకున్న 13 వేలకు పైగా రోగుల వివరాలు పరిశీలిస్తే, వాళ్లలో రక్త క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఆ వైద్యం వెనకపడింది.

నిలిచిందల్లా కదలిక! 1976లో బ్రిటన్‌లో ఈ జబ్బున్నవాళ్ల కోసం ఓ జాతీయ సంఘం పుట్టింది. దాని శాఖలు చేసే ముఖ్యమైన పని- వారానికోసారి సాయంత్రంపూట సభ్యులంతా కలిసి ఫిజియోథెరపిస్టు ఎదుట వ్యాయామం చెయ్యటం. మన దగ్గర భజన మండళ్లలాగే అనుకోండి... అందరూ వచ్చారని మనమూ వెళతాం. 2008లో కాక్రేన్ సంస్థ 11 పరిశోధనల్ని, వాటిలోని 763 మందిని కలిపి చూసింది. ఏమీ చెయ్యనివాళ్లకంటే ఇంట్లో చేసుకునేవాళ్లు మెరుగు. ఇంట్లో ఒక్కరే చేసుకునేవాళ్లకంటే నలుగురితో కలిసి చేసేవాళ్లు ఇంకాస్త మెరుగు. అదీ తేలిన సారాంశం.

వాపున్న జబ్బులో గట్టి వ్యాయామం చేస్తే మంట ఎక్కువవుతుందేమోనన్న భయం డాక్టర్లకూ ఉండేది. 2020లో వెలువడిన ఓ పరిశోధనలో వందమందిని తీసుకుని, సగంమందితో మూడు నెలలపాటు గుండె వేగం బాగా పెరిగే వ్యాయామాలు, బరువులతో వ్యాయామాలు చేయించారు. వాళ్లలో జబ్బు తీవ్రత పెరగలేదు సరికదా, తగ్గింది!

మైక్ ఆథర్టన్ గుర్తున్నాడా? ఇంగ్లండ్ కెప్టెన్. 1995లో జొహానెస్‌బర్గ్ టెస్టులో పదిన్నర గంటలకు పైగా క్రీజులో నిలబడి 185 నాటౌట్‌గా మిగిలి మ్యాచ్ కాపాడాడు. ఆయనకున్నదీ ఈ జబ్బే. దానితోనే 115 టెస్టులు ఆడాడు. అందరూ ఆథర్టన్‌లు కానక్కర్లేదు. అయితే 'ఈ నడుంతో ఇంకేం చేస్తాం' అన్న మాటకు ఆయనో జవాబు.

మందులున్నాయిగా!

ఉన్నాయి. ముందుగా వాపు తగ్గించే నొప్పి మాత్రలు. అవి సరిపోకపోతే బయలాజిక్ ఇంజెక్షన్లు. వాటిలో బాగా వాడేది అడాలిముమాబ్. దాని మొదటి బయోసిమిలర్ మన దేశంలోనే 2014లో విడుదలైంది. అయినా ఇప్పటికీ మధ్యతరగతికి భారమే. వీటిని మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఇవి చాలామందికి కొత్త జీవితం ఇచ్చాయి, అనుమానం లేదు.

చిక్కెక్కడంటే- నొప్పి తగ్గిన మర్నాటి నుంచే చాప చుట్టి మూలన పెడతాం! మందు వాపును తగ్గిస్తుంది. బిగిసిన కండరాన్ని సాగదియ్యదు, వంగిన భుజాన్ని నిలబెట్టదు, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల్ని విప్పదు. ఆ పని మనమే చేసుకోవాలి. అందుకే 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మందుల జాబితాతో ఆగలేదు. రోగికి జబ్బు గురించి వివరంగా చెప్పాలి, క్రమం తప్పని వ్యాయామం చేయించాలి, పొగ మాన్పించాలి అన్నాయి. బీడీ, సిగరెట్టు, చుట్ట... ఏదైనా సరే, వెన్ను అతుక్కోవటాన్ని వేగవంతం చేస్తుంది.

ఆరంభ శూరులం కదా...

మనకో పాత బిరుదుంది. జనవరి ఒకటిన కొత్త బూట్లు కొంటాం. సంక్రాంతికి ఊరెళతాం. తిరిగొచ్చాక బూట్లు మంచం కిందే! ఏఎస్ ఉన్నవాళ్లు వ్యాయామం మానేసే సందర్భాలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, నొప్పి తగ్గినప్పుడు. 'ఇక ఎందుకులే' అనిపిస్తుంది. పళ్లు నొప్పి లేదని బ్రష్ చెయ్యటం మానేస్తామా?

రెండు, నొప్పి పెరిగినప్పుడు. 'ఇప్పుడెలా చేస్తాం' అనిపిస్తుంది. నిజమే, ఆ రోజుల్లో గట్టివి మానెయ్యాలి. కానీ వేణ్నీళ్ల స్నానం చేసి, నెమ్మదిగా వెన్ను సాగదీయటం, నిండుగా ఊపిరి తియ్యటం మాత్రం మానకూడదు. ఒకేసారి గంటసేపు కాకుండా ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు చెయ్యొచ్చు.

మూడు, పెళ్లి. నవ్వకండి, నిజమే! సంబంధాలు చూస్తున్నప్పుడు జబ్బు సంగతి దాచిపెడతారు. పెళ్లయ్యాక భార్య ముందో, భర్త ముందో, అత్తవారింట్లోనో చాప పరిస్తే అడుగుతారని మానేస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి నడుం తనే చెప్పేస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువుకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1973లో తెలిసింది. అది ఉన్నవాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు. పిల్లలకు తప్పకుండా వస్తుందన్నది అపోహ. ముందే చెప్పుకుంటే పొద్దున్నే పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టే మనిషి దొరుకుతారు. దాచుకుంటే ఆ మనిషిని పోగొట్టుకుంటాం.

నాలుగు, వాతావరణం. మే నెల ఎండకు బెజవాడను బ్లేజ్‌వాడ అన్నారు. వానాకాలం సంగతి 2024లో చూశాం. ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగి, గుణదలకు పొరుగునున్న సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. వాకింగ్ ఎక్కడ? జిమ్ ఎక్కడ? అందుకే నడకను మాత్రమే నమ్ముకోకూడదు. ఓ గోడ, ఓ చాప... ఇవి చాలే వ్యాయామాలు చేతిలో ఉండాలి.

ఒక గోడ, ఒక చాప

ముందుగా ఓసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. గుణదలలో సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది. దాని బోధనాసుపత్రి మన సర్కారు పెద్దాసుపత్రే. ఏ ఊళ్లోవాళ్లయినా దగ్గర్లోని పెద్దాసుపత్రిలో అడగొచ్చు. మీ తుంటి, మెడ ఏ స్థితిలో ఉన్నాయో చూసి ఏవి చెయ్యాలో వాళ్లు చెబుతారు. మామూలుగా చెప్పేవి ఇవి.

బోర్లా పడుకోవటం: గట్టి పరుపు మీదో చాప మీదో, దిండు లేకుండా. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పదిహేను, ఇరవై నిమిషాల దాకా. టీవీ సీరియల్ టైముకు పెట్టుకోండి. ఏళ్ల తరబడి నడుస్తుంది కాబట్టి అలవాటూ నడుస్తుంది!

వంతెన: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుం నెమ్మదిగా పైకెత్తి దించటం.

పిల్లి భంగిమ: చేతులూ మోకాళ్లూ ఆనించి, వెన్నును ఓసారి పైకి విల్లులా, ఓసారి కిందికి వంచటం.

పక్కలకు తిరగటం: కుర్చీలో కూర్చుని, నడుం పైభాగాన్ని కుడికీ ఎడమకీ తిప్పి వెనక గోడను చూడటం.

ఊపిరి: పక్కటెముకల మీద చేతులుంచి, అవి చేతుల్ని పక్కలకు నెట్టేలా నిండుగా పది శ్వాసలు. ఏఎస్ వెన్నునే కాదు, ఛాతీ కదలికనూ బిగిస్తుంది.

వీటికి తోడు వారానికి మొత్తం 150 నిమిషాలు తగ్గకుండా చురుకైన నడకో, సైకిలో, ఈతో. ఈత మంచిదే. అయితే కొలనులోనే... ఏలూరు కాలవలో, రైవస్ కాలవలో వద్దు సుమా!

'పొద్దుట్నుంచీ ఇంటి పనే. వేరే వ్యాయామం ఎందుకు?' అంటారు ఆడవాళ్లు. ఊడ్చటం, అంట్లు తోమటం, కూరలు తరగటం- ఇవన్నీ ముందుకు వంగే పనులు. ఏఎస్ మనిషిని వంచేదీ ముందుకే. కాబట్టి వెన్నును నిటారుగా, వెనక్కు సాగదీసే పని విడిగా చెయ్యాల్సిందే.

కొలిచి చూసుకోండి

గుణదల వెళ్లినవాళ్లకు కొండమీది శిలువ తెలుసు. కింద నిలబడి తలెత్తి చూస్తాం. ఏఎస్ ముదిరి మెడ బిగుసుకుపోయిన మనిషికి ఆ చూపే కరువవుతుంది. కొండను కాదు, ఎదుటి మనిషి ముఖాన్ని చూడాలన్నా ఒళ్లంతా వెనక్కి వాల్చాలి. రోడ్డు దాటాలంటే మనిషి మొత్తం తిరగాలి. పోగొట్టుకునేదాకా విలువ తెలియని చిన్న కదలిక అది.

అది పోతోందో నిలిచిందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. నెలకోసారి, ఒకటో తారీఖున గోడకు మడమలు, పిరుదులు ఆనించి నిలబడండి. గడ్డం పైకెత్తకుండా తల వెనకభాగం గోడకు తగులుతోందా? తగలకపోతే ఎన్ని వేళ్ల ఎడముంది? రాసిపెట్టుకోండి. తర్వాత దర్జీ టేపుతో ఛాతీ చుట్టుకొలత. ఊపిరంతా వదిలి ఓసారి, నిండుగా పీల్చి ఓసారి. తేడా రెండున్నర సెంటీమీటర్లకంటే తక్కువున్నా, ఒక నెలకూ ఇంకో నెలకూ తగ్గుతూ వస్తున్నా డాక్టరుకు చూపించండి.

ఏ రోజు వ్యాయామం చేశారో గోడ క్యాలెండరులో పాల లెక్క రాసినట్టు టిక్కు పెట్టండి. నెలాఖరుకు ఖాళీ గళ్లు ఎన్నో ఇంటిల్లిపాదికీ కనిపిస్తాయి. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు గుణదల కొండ మెట్లు ఎక్కే ఓపిక రావాలంటే, మిగతా నెలల్లో రోజూ నాలుగు మెట్లు ఎక్కాలి. తుంటి నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే.

ఇవి మాత్రం వద్దు

సెలూన్‌లో తలకు మర్దనా చేసి చివర్లో మెడ 'టక్'మనిపిస్తారు చూడండి... ఏఎస్ ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లకూడదు. ముందే చెప్పెయ్యండి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించుకుంటే పట్టు వదులుతుందని పల్లెల్లో అంటారు. అదీ వద్దు. అతుక్కున్న వెన్ను చూడటానికి గట్టిగా ఉన్నా లోపల ఎముక పెళుసు. సుద్దముక్కలా విరుగుతుంది. అలాంటి వెన్నును విరిచే, కుదిపే వైద్యం చెయ్యకూడదని 2019లో అమెరికా రుమటాలజీ మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. చిన్నగా జారిపడ్డా, ఆ తర్వాత కొత్తరకం నొప్పి వస్తే కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

యోగా మంచిదే. జబ్బు తొలిదశలో ఉంటే సూర్యనమస్కారాలు, భుజంగాసనం నెమ్మదిగా చెయ్యొచ్చు. మెడ బిగిసినవాళ్లకు శీర్షాసనం, సర్వాంగాసనం పనికిరావు. గురువుగారికి జబ్బు పేరు చెప్పే క్లాసులో చేరండి. రాత్రి పడుకునేటప్పుడు ఎత్తయిన దిండు తీసేసి పల్చటిది వాడండి.

నలుగురు చాలు

వాకర్స్ క్లబ్బు లేని ఊరు మన దగ్గర తక్కువ. ఏఎస్ ఉన్నవాళ్లకూ అలాంటిదొకటి ఉంటే ఎంత బావుంటుంది! పెద్ద హాలు అక్కర్లేదు. ఓ మేడమీద నాలుగు చాపలు పరిచే చోటు చాలు. ఆదివారం ఉదయం నలుగురు కలిస్తే, నెలకోసారి ఓ ఫిజియోథెరపిస్టు వచ్చి తప్పులు దిద్దితే... నాలుగు కుటుంబాల కథే మారుతుంది. ఒక్కరున్నప్పుడు బద్ధకం గెలుస్తుంది. నలుగురున్నప్పుడు సిగ్గు గెలుస్తుంది!

అప్పటిదాకా ఆ నలుగురూ ఇంట్లోవాళ్లే. పొద్దున్నే బిగుసుకుపోయిన కొడుకును 'బద్ధకస్తుడు' అనకండి. కోడలు సాయంత్రం చాప పరిస్తే 'పనెగ్గొట్టటానికి' అనుకోకండి. నీళ్లు కాచి పెట్టండి. పక్కన మీరూ ఓ చాప పరుచుకోండి, మీ నడుముకూ మంచిదే. 'కాసేపు నడుం వాల్చరా' అనబోయే ముందు నాలుక కరుచుకుని, 'పదరా, నేనూ వస్తా. అలా సందు చివరిదాకా నడిచొద్దాం' అనండి. ఈ జబ్బుకు అమ్మానాన్నలు రాయగల మంచి మందుచీటీ అదే.